కొడుకు డ్యూటీ చేసిన ఎర్రన్న

మా జూట్ మిల్లులో ఎర్రన్న ముప్పై ఆరేళ్ళు తన డ్యూటీ చేశాడు. ఆ తరువాత నాలుగేళ్ళు కొడుకు డ్యూటీ చేశాడు. మొదటిదానికి మిల్లు వాళ్ళు శాలువా కప్పి, గోడ గడియారం చేతికిచ్చి పంపారు. రెండోదానికి ఏమీ ఇవ్వలేదు, ఎందుకంటే అలాంటి డ్యూటీ ఒకటి జరుగుతోందని కాగితం మీద ఎక్కడా లేదు. లేకుండా చూసినవాణ్ణి నేనే. టైమాఫీసు గుమస్తాని. ఇందులో నా తప్పు కూడా ఉంది. అది దాచుకుని ఎర్రన్న గురించి చెబితే నా మాట నాకే రుచించదు.

మిల్లు రాజాం పక్కన ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో పండే గోగునార ఒకప్పుడు బళ్ళ మీద మా గేటు ముందుకే వచ్చేది. పొద్దున్న షిఫ్టు ఆరింటికి మొదలు. ఐదున్నరకి సైరను మోగగానే పనివాళ్ళు టైమాఫీసు కిటికీ ముందు వరస కట్టి, ఒక్కొక్కరూ తమ బిళ్ళ లోపలికి ఇవ్వాలి. బిళ్ళంటే నంబరు చెక్కిన ఇత్తడి ముక్క. ఆ బిళ్ళ తీసుకుని హాజరు పుస్తకంలో ఆ నంబరుకి ఎదురుగా టిక్కు పెట్టి మేకుకి తగిలించడం నా పని. షిఫ్టు దిగేటప్పుడు ఎవరి బిళ్ళ వాళ్ళు పట్టుకుపోతారు. మొహం చూడాల్సిన అవసరం లేదు, నంబరు చూస్తే చాలు. అయినా నేను మొహాలు చూసేవాణ్ణి. ఎవడు ఇంట్లో దెబ్బలాడి వచ్చాడో, ఎవడి ఇంట్లో పెళ్ళిచూపులు కుదిరాయో నాకు కిటికీలోంచి తెలిసిపోయేది.

ఎర్రన్న నంబరు నాలుగు వందల పదిహేడు. స్పిన్నింగులో, ఫ్రేము అనే నార వడికే యంత్రం మీద పనిచేసేవాడు. ఫ్రేము తిరుగుతుండగానే తెగిన పోగు పట్టుకుని అతికించేవాడు, అతికించినట్టు కనపడేది కూడా కాదు. ముప్పై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా సైరను తరువాత రాలేదు. పెళ్ళయిన మూడో రోజునే డ్యూటీకి వచ్చాడని మా ముందటి గుమస్తా చెప్పి నవ్వేవాడు. భార్య చిన్నతల్లి కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేది. ఇద్దరూ పొద్దున్నే రాగిపిండితో కాచిన చోడంబలి తాగి, ఒకరు మిల్లు వైపు, ఒకరు బజారు వైపు వెళ్ళేవారు. వాళ్ళకి ఒక్కడే కొడుకు. పుస్తకాల్లో లక్ష్మణరావు, వీధిలో లక్ష్ముడు.

మా మిల్లులో ఒక ఆచారం ఉండేది. మంచి సర్వీసు ఉన్న మనిషి యాభై ఎనిమిదేళ్ళకి దిగిపోతే, అదే నంబరు బిళ్ళ కొడుక్కి ఇచ్చేవారు. దాన్ని చిన్న విషయం అనుకోకండి. మిల్లు వీధిలో పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు భూమి సంగతి కంటే ముందు బిళ్ళ సంగతి అడిగేవారు. ఇచ్చే రోజున తండ్రి తన ఫ్రేముకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కొడుకు చెయ్యి పట్టుకుని ఫ్రేము మీద పెట్టేవాడు. అందరికీ బెల్లం అటుకులు పంచేవారు. 2010 శ్రావణంలో ఎర్రన్న కూడా అలాగే ఇచ్చాడు. ఆ రోజు అతని మొహం చూసి, నాకు కొడుకు లేడే అని మొదటిసారి అనిపించింది. తరువాత ఆ మాట ఎప్పుడూ అనిపించలేదు.

లక్ష్ముడు చెడ్డవాడు కాదు. ఇది నేను సర్దిచెప్పడానికి అనడం లేదు. మెత్తగా మాట్లాడేవాడు. మా అమ్మాయి పేరు, ఏ క్లాసు చదువుతోందో గుర్తుపెట్టుకుని అడిగేవాడు. టైమాఫీసులో ఫ్యాను ఆగిపోతే నిచ్చెన వేసుకుని తనే బాగుచేశాడు. అప్పటికే హైదరాబాదులో బిల్డింగు పనులకి వెళ్ళి వచ్చాడు, వచ్చేటప్పుడు తాగుడు వెంట తెచ్చుకున్నాడు. ఎందుకు తాగుతున్నావని అడిగితే తల దించుకుని నవ్వేవాడు. పెళ్ళయితే మానేస్తాడన్నారు, మానలేదు. కూతురు పుడితే మానేస్తాడన్నారు, మానలేదు. బిళ్ళ చేతికొస్తే మానేస్తాడని తల్లీ తండ్రీ గట్టిగా నమ్మారు. ఆరు నెలలు మానేశాడు కూడా.

ఏడో నెలలో ఒక పొద్దున్న కిటికీలోకి నాలుగు వందల పదిహేడో బిళ్ళ వచ్చింది. దాన్ని పట్టుకున్న చెయ్యి మాత్రం పాతది. తలెత్తి చూస్తే ఎర్రన్న.

“ఆడికి జొరమొచ్చినాది బాబూ. రొండు రోజులు నాను నిలబడతాను,” అన్నాడు.

కుదరదన్నాను. గొంతు పెంచి మరీ అన్నాను, నాకు కోపం తొందరగా వస్తుంది. వరసలో వెనకున్నవాళ్ళు గొణుగుతున్నారు. స్పిన్నింగు మేస్త్రీ వచ్చి, ఎర్రన్న నిలబడితే ఆ ఫ్రేము మీద రెట్టింపు పని అవుతుంది, నీకేం పోయింది, టిక్కు పెట్టు అన్నాడు. పెట్టాను. నా కోపం వచ్చినంత తొందరగానే పోతుంది కూడా, అదే నాకున్న పెద్ద రోగం.

ఆ రెండు రోజులు నాలుగేళ్ళయ్యాయి. మొదట్లో నెలకి నాలుగు రోజులు, తరువాత పది, తరువాత నెలంతా. హుద్‌హుద్ తుఫాను వచ్చి వారం రోజులు కరెంటు లేకపోతే మిల్లు మూసేశారు. మళ్ళీ తెరిచిన రోజున మోకాలి లోతు నీళ్ళలో నడుచుకుంటూ వరసలో మొదట నిలబడ్డది అరవై రెండేళ్ళ ఎర్రన్న. పుస్తకం ప్రకారం ఆ వచ్చింది లక్ష్మణరావు. ఆ ఏడాది మంచి హాజరుకి ఇచ్చే స్టీలు బిందె కూడా లక్ష్మణరావుకే వచ్చింది. నేనే రాసిచ్చాను. ఎర్రన్న ఆ బిందె నెత్తిన పెట్టుకుని ఇంటికి వెళుతూ, మావోడికి ప్రైజొచ్చినాదని దారిలో ఇద్దరికి చెప్పాడట. అబద్ధమాడుతున్నాననే స్పృహ అప్పటికే అతనికి పోయింది.

జీతం లక్ష్ముడి పేరు మీద బ్యాంకులో పడేది, కార్డు లక్ష్ముడి జేబులో ఉండేది. అంటే తండ్రి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నిలబడి సంపాదించింది కొడుకు సాయంత్రానికి బ్రాందీ షాపులో ఇచ్చి వచ్చేవాడు. ఇది ఎర్రన్నకి తెలియదా? తెలుసు. నేను అడిగాను కూడా. ఆ బిళ్ళ ఉన్నన్నాళ్ళూ వాడు మిల్లు మనిషి, ఆ బిళ్ళ పోతే రోడ్డు మీద తాగుబోతు, రోడ్డు మీద తాగుబోతు ఎన్నాళ్ళు బతుకుతాడో నువ్వే చెప్పు అన్నాడు. అతని భయమంతా అక్కడే ఉంది. బిళ్ళని బతికిస్తే కొడుకు బతుకుతాడనుకున్నాడు. మిల్లు వీధిలో పుట్టి పెరిగినవాడికి తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన అది.

చిన్నతల్లి చేసింది కూడా తక్కువేమీ కాదు. ఎవరడిగినా పచ్చకామెర్లు అనేది. నాలుగేళ్ళ పచ్చకామెర్లు ఏ ఊళ్ళోనూ ఉండవు, అయినా ఎవరూ ఎదురు ప్రశ్న వేసేవారు కాదు. కొడుకు వాంతి చేసుకున్న దుప్పట్లు తెల్లారకముందే ఉతికి ఆరేసేది. కంచం మంచం దగ్గరికే పట్టుకెళ్ళేది. విశాఖపట్నంలో మందు మాన్పించే చోట నెల రోజులు పెట్టారు. వచ్చాక నలభై రోజులు మంచిగా ఉన్నాడు. ఆ నలభై రోజుల్ని తలచుకుని ఆమె ఇంకో రెండేళ్ళు ఓపిక పట్టింది.

కోడలు పద్మకుమారి మాత్రం పట్టలేదు. 2012లో కూతురు హర్షితని తీసుకుని పొందూరు దగ్గర పుట్టింటికి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు గొడవ చేయలేదు. గుమ్మం దగ్గర నిలబడి మామగారితో ఒక మాట అందట. “మావా, నువ్వు డ్యూటీకి ఎల్తన్నన్నాళ్ళూ ఈడు మంచం దిగడు. ఎందుకు దిగుతాడు?” ఎర్రన్నకి ఆ మాట తగిలింది గాని, తగలవలసిన చోట తగల్లేదు. మొగుణ్ణి వదిలేసి పోతూ నీతులు చెబుతోందని బాధపడ్డాడు. నేనూ వంత పాడాను. అలా పాడినందుకు నాకు ఇప్పుడు తలవంపుగా ఉంటుంది, ఎందుకంటే మా అందరిలో విషయం అర్థమైంది ఆ పిల్లకే.

2015 మాఘమాసంలో ఒక మంగళవారం, పదకొండు గంటలప్పుడు స్పిన్నింగులోంచి పక్క ఫ్రేము వాళ్ళ కేక వినిపించింది. వెళ్ళేసరికి ఎర్రన్న నేల మీద కూర్చుని ఉన్నాడు, ఎడమ చెయ్యి తలగుడ్డలో చుట్టి. ఫ్రేము పక్కన పళ్ళచక్రంలో చూపుడువేలు ఇరుక్కుని నలిగిపోయింది. చూపు తగ్గింది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అరవలేదు, ఏడవలేదు. నన్ను చూసి, ఫ్రేము ఆపేశారా, పోగులన్నీ తెగిపోతాయి అన్నాడు.

మిల్లులో దెబ్బ తగిలితే కార్మికుల ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి, దానికి టైమాఫీసు కాగితం రాసివ్వాలి. కాగితం మీద ఎవరి పేరు రాయాలి? ఆ రోజు హాజరు పుస్తకంలో ఉన్నది నాలుగు వందల పదిహేడు, లక్ష్మణరావు, వయసు ముప్పై నాలుగు. ఎర్రన్న అని రాస్తే మేస్త్రీ ఉద్యోగం పోతుంది, నాది పోతుంది, లక్ష్ముడి బిళ్ళ అంతకంటే ముందు పోతుంది. కలం పట్టుకుని నిమిషం ఆలోచించాను. లక్ష్మణరావు అనే రాశాను.

మిల్లు జీపులో తీసుకువెళ్ళాం. దారిలో బజారు దగ్గర జీపు ఆపించి, చిన్నతల్లికి కబురు పెట్టించి, ఆమెని కూడా ఎక్కించుకున్నాను. గంప ఎవరికో అప్పగించి వచ్చింది. ఎవరేమడిగినా ఇతను లక్ష్మణరావనే చెప్పాలమ్మా అని దారి పొడుగునా చెప్పాను. ఆమె మొగుడి చెయ్యి పట్టుకుని కూర్చుంది, విన్నదో లేదో తెలియలేదు.

డాక్టరు కుర్రాడు. కాగితం చూశాడు, మనిషిని చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. ముప్పై నాలుగేళ్ళా అన్నాడు. జూట్ మిల్లు పని సార్, దుమ్ములో మనిషి అలా అయిపోతాడు అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఆ డాక్టరు అయ్యో అన్నట్టు తలాడించి లోపలికి తీసుకువెళ్ళాడు. నా ముప్పై ఏళ్ళ నౌకరీలో అంత సిగ్గుపడిన క్షణం ఇంకొకటి లేదు. అయితే సిగ్గుపడుతూనే నిలబడ్డాను, నోరు విప్పలేదు.

వేలిలో ఒక కణుపు తీసెయ్యాలన్నారు. నర్సు కాగితం పట్టుకుని వసారాలోకి వచ్చి, లక్ష్మణరావు తాలూకు ఎవరు అని అడిగింది. చిన్నతల్లి లేచింది. మీరేమవుతారమ్మా అని అడిగింది నర్సు. చిన్నతల్లి నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

“తల్లిని,” అంది.

నర్సు రాసుకుని, ఇక్కడ వేలిముద్ర వెయ్యమంది. చిన్నతల్లి బొటనవేలు సిరా అంటించుకుని, మొగుడి వేలు తీసెయ్యడానికి తల్లిగా ఒప్పుకుంటూ ముద్ర వేసింది. తరువాత వసారా చివర నేల మీద చతికిలబడి, చీర కొంగుకి ఆ సిరా తుడుచుకుంటూ చాలాసేపు ఉండిపోయింది. నేను టీ తెచ్చి ఇస్తే పక్కన పెట్టింది.

“బాబూ, నలభై ఏళ్ళ కిందట ఆయన సేత తాళి కట్టించుకున్నాను. ఇయ్యాల ఆయనకి తల్లినని ఏలుముద్ర ఏసినాను,” అంది. “ఒక్క కొడుకుని కన్నాను. ఆ కొడుకు కోసరం మొగుణ్ణి కూడా కొడుకుని సేసీసినాను. ఇంక నా ఇంట్లో మొగుడెవుడు, కొడుకెవుడు? సెప్పు.”

నేను చెప్పలేదు. చెప్పగలిగినవాణ్ణయితే నాలుగేళ్ళ క్రితమే కిటికీ మూసేవాణ్ణి.

కాగితం ప్రకారం దెబ్బ తగిలింది లక్ష్ముడికి కాబట్టి మూడు వారాల సెలవు కూడా అతనికే వచ్చింది. ఆ మూడు వారాలూ ఒకే ఇంట్లో తండ్రి చేతికి కట్టుతో ఒక మంచం మీద, కొడుకు చేతిలో సీసాతో ఇంకో మంచం మీద ఉన్నారు. చిన్నతల్లి ఇద్దరికీ వండింది. కొడుకు కంచం మాత్రం మంచం దగ్గరికి తీసుకెళ్ళడం మానేసి వంటింటి గుమ్మంలో పెట్టడం మొదలుపెట్టింది. అంతవరకే చేయగలిగింది మొదట్లో. మొదటి రెండు రోజులూ లక్ష్ముడు లేవలేదు, కుక్క తినేసింది. ఆ రెండు రోజులూ తనకి అన్నం దిగలేదని తరువాత చెప్పింది.

సెలవు అయిపోయే రోజున ఎర్రన్న చొక్కా తొడుక్కుని రేపట్నుంచి వెళతానన్నాడు. చిన్నతల్లి దేవుడి గూట్లోంచి బిళ్ళ తీసింది. ఇద్దరి మధ్యా పెద్ద గొడవ జరిగింది. వాళ్ళ నలభై ఏళ్ళ కాపురంలో వీధిలోకి వినిపించిన గొడవ అదొక్కటేనట. వాడు చచ్చిపోతే నువ్వు బతుకుతావా అని ఎర్రన్న అడిగాడు. నువ్వు ఆ చక్రంలో పడి చచ్చిపోతే వాడు మానేస్తాడా అని ఆమె అడిగింది. ఎర్రన్న మంచం మీద కూలబడ్డాడు. చివరికి ఇద్దరూ కలిసి కొడుకు దగ్గరికి వెళ్ళారు. మధ్యాహ్నం పూట, లక్ష్ముడు మత్తు దిగి తెలివిలోనే ఉన్నాడు. బిళ్ళ తల్లి చేతిలోంచి తండ్రి తీసుకున్నాడు, తనే ఇచ్చాడు.

“ఇది నీది. ఎల్తే ఎల్లు, మానితే మాను. నాను మాత్రం ఇంక ఎల్లను,” అన్నాడు.

లక్ష్ముడు తండ్రి చేతి కట్టు వైపు చూడకుండా బిళ్ళ తీసుకుని, రేపు వెళతాను అయ్యా అన్నాడు. ఆ గొంతులో అబద్ధం లేదని ఎర్రన్న నాతో ఒట్టేసి చెప్పాడు. నేనూ నమ్ముతాను. రేపటి గురించి లక్ష్ముడు ఎప్పుడూ అబద్ధం ఆడలేదు, అన్నప్పుడల్లా నిజంగానే అనుకునేవాడు.

మా మిల్లు రూలు ఏమిటంటే, చెప్పకుండా పది రోజులు రాకపోతే పేరు కొట్టేస్తారు. పదో రోజు సాయంత్రం మేనేజరు దగ్గరికి కాగితం నేనే పంపాలి. మొదటి రోజు సైరను మోగాక నేను కిటికీలోంచి మెడ బయటపెట్టి చూశాను. నిజం చెప్పాలంటే లక్ష్ముడు వస్తే నాకు ఇబ్బందే. కణుపు తెగిన వేలు మూడు వారాల్లో మళ్ళీ మొలిచిందని రాసుకోవాలి. అయినా రావాలనే కోరుకున్నాను. రాలేదు. పుస్తకంలో నాలుగు వందల పదిహేడుకి ఎదురుగా సున్నా చుట్టాను. ఆ గడిలో నేను సున్నా పెట్టడం అదే మొదలు.

రెండో రోజు, మూడో రోజు సున్నాలే. ఎర్రన్న గేటు ఎదురుగా టీ బడ్డీ దగ్గరికి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. సైరనుకి ముందే వచ్చేవాడు. బహుశా ఇంట్లో ఉండి ఆ కూత వినడం అతని వల్ల కాలేదు. వరసలో చివరి మనిషి లోపలికి వెళ్ళేదాకా దారి వైపు చూసి, టీ తాగకుండానే లేచిపోయేవాడు. ఐదో రోజు మేస్త్రీ అతని దగ్గరికి వెళ్ళి, బిళ్ళ పోయిందని చెప్పు, వేరే బిళ్ళ ఇప్పిస్తాను, వచ్చి నిలబడు అని బతిమాలాడు. ఎర్రన్న వినలేదు గాని, ఆ మాట మాత్రం అతని లోపల పడింది.

తొమ్మిదో రోజు వరసలో ఎర్రన్న ఉన్నాడు.

నలుగురి తరువాత అతని వంతు. అతను కిటికీ ముందుకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో బిళ్ళ లేదు. ఆ రోజు అతను అడిగి ఉంటే బిళ్ళ లేకుండానే టిక్కు పెట్టేవాణ్ణి, దేవుడి మీద ఒట్టు. పెట్టాలని ఉంది కూడా. కలం గడి మీదే ఉంచాను.

“ఎన్నాళ్ళయినాది బాబూ?” అన్నాడు.

“తొమ్మిది.”

అతను కిటికీ చెక్క మీద చెయ్యి వేశాడు, ఆ పొట్టి వేలున్న చెయ్యి. వెనకనుంచి ఎవడో, కదులు తాతా, టైమయిపోతోంది అన్నాడు. ఎర్రన్నకి కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. తరువాత వరసలోంచి ఒక అడుగు పక్కకి జరిగి, వెనకవాడికి దారి ఇచ్చాడు. అందరూ వెళ్ళిపోయేదాకా గోడకి ఆనుకుని నిలబడి, ఇంటికి వెళ్ళిపోయాడు.

నలభై ఏళ్ళు ఆ వరసలో నిలబడ్డవాడికి ఆ ఒక్క అడుగు ఎంత దూరమో నాకు తెలుసు. నేనయితే వెయ్యలేను. మర్నాడు సాయంత్రం కాగితం రాసి మేనేజరు బల్ల మీద పెట్టాను. కొట్టివేత కింద సంతకం పెడుతుంటే, చచ్చినవాళ్ళకి రాసే కాగితం కూడా ఇదే కదా అని గుర్తొచ్చింది.

రిజిస్టరు ఉత్తరం అందిన రోజున లక్ష్ముడు వీధి అంతా వినపడేలా అరిచాడు. నా ఉద్యోగం నువ్వే తీయించేశావని తండ్రిని నిలదీశాడు. స్టీలు బిందె తీసి గోడకేసి కొట్టాడు. చిన్నతల్లి తలుపు తెరిచి పట్టుకుని, నీకు తిండి ఎప్పుడూ ఉంటుంది, మందుకి పైసా ఉండదు, ఉంటే ఉండు అంది. వాడు ఉండలేదు. ఒక సంచీలో రెండు జతల బట్టలు పెట్టుకుని వెళ్ళిపోయాడు. వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూశాడట, పిలుస్తారేమో అని. ఇద్దరూ గుమ్మంలోనే ఉన్నారు. పిలవలేదు.

పిలవకుండా ఉండడం ఒకసారి చేస్తే అయిపోయే పని కాదు. ఆ తరువాత దాదాపు రెండేళ్ళు వాళ్ళు రోజూ అదే పని చేశారు. వాడు ఫలానా చోట కనిపించాడని ఎవరైనా చెబితే ఎర్రన్న చెప్పులు వేసుకునేవాడు, గుమ్మం దాకా వెళ్ళి విప్పేసేవాడు. ఒకసారి చీపురుపల్లి దగ్గర పట్టాల పక్కన గుర్తుతెలియని శవం ఉందని పేపర్లో వచ్చింది. వయసు సుమారు ముప్పై ఐదు, గళ్ళ చొక్కా. వాళ్ళిద్దరినీ నేనే తీసుకువెళ్ళాను. మూడు గంటలు ఆసుపత్రి బయట నిలబడ్డాం. గుడ్డ తీసి చూపించారు. లక్ష్ముడు కాదు. చిన్నతల్లి ఆ చచ్చిపోయినవాడి మొహం మీద చెయ్యి వేసి, ఏ తల్లి బిడ్డో అని ఏడ్చింది. తిరిగి వచ్చేటప్పుడు ఎర్రన్న నోరు విప్పాడు. బిళ్ళ ఉంటే ఈ భయం ఉండేది కాదు బాబూ అన్నాడు. అయితే మనం తప్పు చేశామంటావా అని అడిగాను. తప్పు కాదు, కష్టం అన్నాడు.

2017 వేసవిలో పని మీద విశాఖపట్నం వెళ్ళి పాసింజరులో తిరిగి వస్తూ ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగాను. స్టేషను బయట గోడౌను దగ్గర లారీలోకి బియ్యం బస్తాలు ఎక్కిస్తున్నారు. వాళ్ళలో ఒకడు నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. ఆ మొహం తిప్పుకోవడం చూసి గుర్తుపట్టాను. చిక్కిపోయాడు, గెడ్డం నెరిసింది, భుజం మీద గోనెపట్టా. దగ్గరికి వెళ్ళాను. మందు వాసన లేదు. ఆ రోజు మాట చెబుతున్నాను, మిగతా రోజుల సంగతి నాకు తెలియదు. ఏడు నెలలుగా అక్కడే చేస్తున్నాడట. మధ్యలో ఒకసారి తాగుడులో పడిపోయాడట, మళ్ళీ పనికి వచ్చాడట. గోడౌను వెనక రేకుల గదిలో మరో ముగ్గురితో ఉంటున్నాడు. హర్షితని చూడడానికి రెండుసార్లు పొందూరు వెళ్ళాడట. మా అమ్మాయికి డిగ్రీ అయిపోయిందా అని అడిగాడు. మీ అయ్య ఎంత సంతోషిస్తాడో, ఈ రోజే చెబుతానన్నాను.

లక్ష్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. “సెప్పకు బాబూ,” అన్నాడు.

ఇంకా కోపమా అన్నాను. కాదని తల ఊపాడు.

“తెలిస్తే వొచ్చీస్తాడు. నువ్వు కూకోరా, నాను మోస్తానంటాడు. నానూ కూకుండిపోతాను.”

నేను బస్సులో ఇంటికి వస్తూ దారంతా ఆ మాటే అనుకున్నాను. చెప్పకూడదనే నిశ్చయించుకున్నాను. కాని నా నోటి సంగతి మా మిల్లులో అందరికీ తెలుసు. వారం తిరక్కుండా ఎర్రన్న ఇంటికి వెళ్ళాను. ఇద్దరూ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. ఏవేవో మాట్లాడి, చివరికి ఆమదాలవలస అన్నాను, అంతే. ఎర్రన్న కాయ ఒలవడం ఆపలేదు.

తెలుసు బాబూ అన్నాడు. నాలుగు నెలల క్రితమే ఎవరో చెప్పారట. భార్యాభర్తలిద్దరూ రెండుసార్లు వెళ్ళి వచ్చారు. స్టేషను వంతెన మీద నిలబడితే గోడౌను కనిపిస్తుంది. అక్కడినుంచే చూసి, మళ్ళీ రైలెక్కి వచ్చేశారు. వాడికి కనపడలేదు. మొదటిసారి వెళ్ళినప్పుడు లక్ష్ముడికి ఒంట్లో బాగున్నట్టు లేదు.

“బస్తా ఎత్తేటప్పుడు ఆడి కాళ్ళు వొణికినాయి బాబూ. కింద పడిపోతాడనుకున్నాను. నాను గబగబా మెట్లు దిగబోనాను, ఇది నా సెయ్యి పట్టీసుకున్నాది,” అని చిన్నతల్లిని చూపించాడు.

చిన్నతల్లి తలెత్తలేదు. ఆ చెయ్యి పట్టుకోవడానికి ఆమెకి ఎంత బలం కావలసి వచ్చిందో ఆ వంచిన తల చూస్తే తెలుస్తోంది. మరి వాడేమయ్యాడు అని అడిగాను.

“ఏటవుతాడు,” అన్నాడు ఎర్రన్న. “ఆడే ఎత్తుకున్నాడు.”